చలిదేశానికి ఒకటే నూనె

కర్జకాన్‌లో మాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్ వాళ్ల ఖర్జూర తోట చివర ఒక రేకుల షెడ్డు ఉండేది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ షెడ్డులోనే, ఒక ట్రాక్టరు బానెట్ మీద. గాలి వీచిన ప్రతి రోజూ దాని మీద మెత్తటి దుమ్ము పరుచుకునేది. మధ్యాహ్నం వంట పని ముగించుకుని నేను వెళ్లేసరికి మా ఆయన ఆ దుమ్ములో వేలితో ఒక అక్షరం రాసి ఉంచేవాడు. దాని కింద నేను రాసేదాన్ని. తప్పు పోతే అరచేత్తో తుడిచేవాళ్లం. మర్నాటికి గాలి మళ్లీ కొత్త పలక పరిచి పెట్టేది.

మా ఊళ్లో గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అనే అంటారు. పెళ్లయిన కొద్దికాలానికే ఆయన దుబాయి పోయాడు. సెలవు మీద వచ్చినప్పుడు చుట్టంలా ఉండేవాడు, నేనూ చుట్టానికి చేసినట్టే వండిపెట్టేదాన్ని. ఆయన ఇంటికి అలవాటు పడేలోపు సెలవు అయిపోయేది. బిడ్డ పెళ్లి చేశాక, కఫీల్ వాళ్లమ్మకు వంటమనిషి కావాలంటే ఆయన నా మాట చెప్పాడట. విమానం దిగాక గానీ తెలియలేదు, ఇన్నేళ్లూ నేను దుబాయి అనుకున్నది బహ్రెయిన్ అని. తోటలో మాకొక చిన్న గది ఇచ్చారు. తల నెరిశాక ఒకరి అలవాట్లు ఒకరం నేర్చుకున్నాం. ఆయన నిద్రలో మాట్లాడతాడని నాకు అప్పుడే తెలిసింది. నిద్రలో కూడా ఇంజన్లతోనే మాట్లాడేవాడు.

ఆ షెడ్డులో నాలుగు ఇంజన్లు ఉండేవి. ఒకటి ట్రాక్టరు, కఫీల్ వాళ్ల నాన్న కొన్నది. ఒకటి నీళ్లు తోడే పంపు, ఒకటి జనరేటరు. ఈ మూడూ డీజిల్‌వి. నాలుగోది పెట్రోలుతో నడిచే చిన్న టిల్లరు, చెట్ల మధ్య మట్టి గుల్లచేయడానికి. నాలుగూ నాలుగు దేశాలవి, నాలుగు వయసులవి. వాటి తిండీ తాగుడూ అన్నీ మా ఆయన చేతుల మీదుగానే జరిగేవి. ఎండాకాలం ఇక్కడ రేకు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి నూనె పల్చబడిపోతుందని ఆయన అన్నిటికంటే చిక్కటి నూనె తెచ్చి పోసేవాడు. ఇన్నేళ్లలో ఆయన భయపడింది వేడికే. చలి గురించి ఆలోచించాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

ఒక వేసవి సాయంత్రం కఫీల్ తోటకు వచ్చి, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని, తను ఎక్కడో చలిదేశంలో కొండల మధ్య భూమి కొన్నానని చెప్పాడు. ఆ దేశం పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు. ఇక్కడి తోటలో సగం ఇళ్ల స్థలాలకు పోతోంది కాబట్టి, నాన్న ట్రాక్టరూ మిగతా మిషన్లూ ఓడలో అక్కడికి పంపిస్తానన్నాడు. కఫీల్‌తో మేము మాట్లాడేది హిందీ, అరబ్బీ కలిసిన ఒక భాష. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"అక్కడ పనికి ఒక మనిషి దొరికాడు," అన్నాడు కఫీల్. "మంచివాడే. కానీ అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. దేనికి ఏ నూనె పోయాలో ఎట్లా చెప్పేది? అందుకని ఒకటే నూనె కావాలి. నాలుగింటికీ ఒకటే డ్రమ్ము."

"చలి ఎంతుంటది బాబా?" అని అడిగాడు మా ఆయన.

కఫీల్ ఫోన్ తీసి చూశాడు. "మా అమ్మ డీప్ ఫ్రీజరు ఉంది కదా, పొద్దున పూట దాని లోపల ఉన్నట్టు ఉంటుందట."

మా ఆయన నవ్వాడు. కఫీల్ నవ్వలేదు.

"నువ్వు చెప్పిన నూనెతో బండ్లు ఆ చలిలో వాటంతట అవి స్టార్ట్ అయితే మంచిది. కాకపోతే నువ్వే రావాలి. చలికాలమంతా అక్కడే ఉండాలి. బహుశా ఆ తర్వాత కూడా. ఇక్కడ ఇక పెద్ద పనేం మిగలదు."

నేను ఖర్జూరపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఉమ్మీకి పాలు వెచ్చబెట్టాలని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాను. కఫీల్ వాళ్లమ్మను నేను ఉమ్మీ అని పిలిచేదాన్ని, అంటే అమ్మా అని. పాలు పొంగిపోయాయి ఆ రోజు.

రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనే మొదలుపెట్టాడు. "మంచి నూనె దొరుకుతదిలే."

"దొరకకుంటే?"

"దొరకకుంటే నేను పోత, నువ్వు ఉమ్మీ కాడ ఉంటవు. గదే కదా ఇన్నేండ్లు చేసింది."

"గప్పుడు అలవాటు లేకుండె. గిప్పుడు అలవాటైంది," అన్నాను. ఆయన ముద్ద కలపడం ఆపి నా వైపు చూసి, మళ్లీ కలపడం మొదలుపెట్టాడు.

శుక్రవారం నన్ను కూడా వెంటబెట్టుకుని నువైద్రాత్‌లోని స్పేర్‌పార్ట్‌ల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపేది హైదరాబాద్ భాయ్. మా ఆయనకు ఎప్పటి నుంచో దోస్తు. విషయం వినగానే భాయ్ కౌంటరు మీద చేతులు ఆనించి పడిపడి నవ్వాడు.

"అరె, నువ్వు కూలర్ ముందట కూసుంటెనే తుమ్ముతవ్. నీకు చలిదేశం ఎవరిచ్చిండ్రు భాయ్? అక్కా, ఈనెకు ముందుగాల ఒక రజాయి కొను, నూనె తర్వాత చూద్దాం."

"ముచ్చట బంద్ చేసి నూనె తియ్యి," అన్నాడు మా ఆయన.

భాయ్ డబ్బాలు దించి వరుసగా పెట్టాడు. మా ఆయన నాకు వాటి మీది నంబర్లు చూపించాడు. అక్షరాలు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి గానీ అంకెలు నాకు ముందే వచ్చు. ప్రతి డబ్బా మీదా రెండేసి అంకెలు ఉన్నాయి. మొదటిది, బండి చల్లబడి ఉన్నప్పుడు నూనె ఎలా పారుతుందో చెబుతుందట. అది ఎంత చిన్నదైతే చలికి అంత మంచిది. రెండోది, ఇంజన్ కాగాక ఎంత చిక్కదనం నిలబడుతుందో చెబుతుందట. మేము వేసవిలో వాడే పాత నూనె డబ్బా మీద మాత్రం ఒకటే అంకె, నలభై. దానికి చలి సంగతే తెలియదు.

"చలికైతే ఇది తీస్కో," అని భాయ్ ఒక చిన్న డబ్బా ముందుకు జరిపాడు. దాని మీద సున్నా, ఇరవై. "కొత్త కార్లకు పోస్తరు. మంచులో కూడా నీళ్ల లెక్క ఉరుకుతది."

"నీళ్ల లెక్క ఉరికితే మా ముసల్దానికి పనికి రాదు," అన్నాడు మా ఆయన. ముసల్ది అంటే ట్రాక్టరు. "దాని లోపల అన్ని సందులు అరిగి వెడల్పయినయ్. కాగినంక నూనె మొత్తం సందుల్లకెళ్లి కారిపోతది."

"అయితే నీకు ఒక నూనె గాదు భాయ్, రెండు నూనెలు గావాలె. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

మా ఆయన నాలుగు రకాల నూనెలు చిన్న చిన్న సీసాల్లో పోయించుకున్నాడు. నలభై నంబరుది, చలికాలంలో మేము వాడే పదిహేను-నలభై, ఐదు-నలభై, ఆ సున్నా-ఇరవై. బస్సులో ఆ సీసాల సంచి నా ఒళ్లో ఉంది. కిటికీ అవతల రోడ్డు మీద ఎండకు నీళ్లలాంటి మెరుపు పరుగెడుతూ ఉంది. వాటిని ఏం చేయబోతున్నాడని నేను అడగలేదు. కఫీల్ డీప్ ఫ్రీజరు మాట అన్నప్పుడే ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందని నాకు తెలుసు.

ఉమ్మీ ఫ్రీజరు నిలువెత్తు మనిషి పట్టేంత పెద్దది. వంటింటి వెనక గదిలో అది రోజంతా సన్నగా మూలుగుతూ ఉండేది. మూత ఎత్తితే తెల్లటి పొగ మొహానికి కొట్టేది. బయట నలభై దాటిన ఎండ, లోపల ఆ పొగ. నాకు ఆ గది ఇష్టం. చెమట ఆరేదాకా మూత ఎత్తి నిలబడితే ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. గోడల లోపలి వైపు మంచు పేరుకుని, తెల్లగా, గరుకుగా, ముట్టుకుంటే వేలికి అతుక్కునేది. దాన్ని గీకి తీయడం నా పనుల్లో ఒకటి.

సీసాలు సర్దుతుంటే ఉమ్మీ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"ఏమిటవి? ఖర్జూరపు పానకమా?"

"కాదు ఉమ్మీ. బండి నూనె."

ఆమె వంగి చూసింది. "నా మొగుడి ట్రాక్టరును నా కొడుకు చలిలోకి పంపిస్తున్నాడు. నువ్వేమో దాని నూనెను నా ఫ్రీజరులోకి పంపిస్తున్నావు," అని, తర్వాత వేలితో చూపించింది. "చేపల పక్కన కాదు. హమూర్‌కు నూనె వాసన పడితే నిన్ను కూడా అందులోనే పెడతాను. అటు, రొట్టెల పక్కన పెట్టు."

రొట్టెల పక్కనే పెట్టాను.

మర్నాడు తెల్లవారగానే మా ఆయన వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఒక్కో సీసా తీసి అడ్డంగా పట్టుకున్నాను. నలభై నంబరుది ఉండపాకంలా అసలు కదల్లేదు. సీసాను తలకిందులు చేసినా నూనె అడుగునే ఉండిపోయింది. పదిహేను-నలభై ముదురు తీగపాకంలా, వద్దా వద్దా అన్నట్టు జారింది. ఐదు-నలభై లేత పాకంలా మెల్లగా, కానీ ఆగకుండా వచ్చింది. సున్నా-ఇరవై అన్నిటికంటే ముందు దిగింది.

"గిది పాకం లెక్కనే ఉంది," అన్నాను. "ఇంకో సగం చూస్తే తెలుస్తది. కాగబెడదాం."

"నూనెనా? ఉమ్మీ వంటింట్లనా?"

"మన గదిలనయ్యా. మన గిన్నెల నీళ్లు మరిగించి సీసలు దాంట్ల పెడదాం."

అట్లాగే చేశాం. మా గది ముందు స్టవ్వు మీద నీళ్లు మరిగించి, సీసాలు దాంట్లో నిలబెట్టి, బాగా వేడెక్కాక పాత గంటె ముంచి పైకెత్తాం. సున్నా-ఇరవై నీళ్లలా జారిపోయి గంటె పొడిగా మెరిసింది. ఐదు-నలభై మాత్రం గంటెకు సన్నటి పొరగా పట్టుకుని నిలిచింది. ఆయన గంటెను ఎండకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పొర తేనె రంగులో వెలిగింది. ఆయన మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది. నేను గంటె వైపు చూడడం మానేసి ఆయన్నే చూశాను.

"ఇదే," అన్నాడు.

భాయ్‌కి ఫోన్ చేసి, డబ్బా వెనక చదివించాడు. ఆ నూనె డీజిల్‌కూ పెట్రోలుకూ రెంటికీ పనికొస్తుందని రాసి ఉందట. టిల్లరుకు అది కొంచెం చిక్కనే, అయినా ఓర్చుకుంటుందని మా ఆయన అన్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఆయన షెడ్డులోంచి బయటికి రాలేదు. ఒక్కో ఇంజన్‌నూ నడిపించి, వేడిగా ఉండగానే పాత నూనె దించి, ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోసి, మళ్లీ నడిపించి చెవి ఆనించి వినేవాడు. పంపు, జనరేటరు, టిల్లరు వీటి ట్యాంకులు ఖాళీ చేసి పెట్టాడు. ట్రాక్టరును మాత్రం లారీ మీదికీ, అక్కడ ఓడ దిగాక కిందికీ నడపాల్సి ఉంటుంది కాబట్టి ట్యాంకు నిండా డీజిల్ పోయించాడు.

ట్రాక్టరు వెళ్లిన రోజు గాలి లేదు. లారీ గేటు దాటేటప్పుడు బానెట్ మీద నిన్నటి అక్షరాలు ఇంకా ఉన్నాయి. వరుసగా నేను రాసినవి. ఎక్కడి వరకు ఉంటాయో అనుకున్నాను. సముద్రం గాలికి చెరిగిపోయి ఉంటాయి.

షెడ్డు ఖాళీ అయింది. నేల మీద నాలుగు చోట్ల నూనె మరకలు మిగిలాయి. మా ఆయన మధ్యాహ్నం అలవాటుగా అక్కడికే వెళ్లి కూర్చునేవాడు. నేనూ వెళ్లేదాన్ని. రాసుకోవడానికి ఉమ్మీ వాళ్ల మనవరాలి పాత పుస్తకం ఒకటి దొరికింది గానీ, కాగితం మీద రాస్తుంటే నాకు దుమ్ము మీద వేలు జారే మెత్తదనం గుర్తొచ్చేది. పంపు పోయినా ఆయన కొళాయి పైపుతో చెట్లకు నీళ్లు పెట్టేవాడు, ఎండిన మట్టలు కోసేవాడు. ఉన్న పనిని సాగదీసి చేసేవాడు. చలికాలం వచ్చింది. ఇక్కడి చలికాలం అంటే మాకు మంచి రోజులు. పొద్దున పూట పల్చటి దుప్పటి, మధ్యాహ్నం హాయిగా ఎండ. ఆ రోజుల్లో ప్రతి ఫోనూ మోగగానే నేను పని వదిలేసి గుమ్మం దాకా వచ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున మా ఆయనకు కఫీల్ ఫోన్ వచ్చింది. అప్పటికి కఫీల్ ఆ కొండల్లోనే ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను, మాటలు బయటికే వినిపిస్తున్నాయి.

"నీ నూనె పని చేయలేదు," అన్నాడు. "టిల్లరు స్టార్ట్ అయింది. జనరేటరు అయింది. పంపు అయింది. నాన్న ట్రాక్టరు మాత్రం కావడం లేదు. తిరుగుతుంది, దగ్గుతుంది, చచ్చిపోతుంది. యల్లా, సామాను సర్దుకో. రేపు కాగితాల పని చూడమని ఆఫీసుకు చెప్తాను."

"బ్యాటరీ బాబా?"

"బ్యాటరీ కొత్తది. నేనే వేయించాను. ఖలాస్, వచ్చి చూడు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన గదిలోకి వెళ్లాడు. కఫీల్ ఎప్పుడో ఇచ్చిన ఉన్ని స్వెట్టరు ఒకటి పెట్టె అడుగున ఉండేది. దాన్ని తొడుక్కుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పొద్దుటి ఎండ మొహం మీద పడుతోంది. మెడ దగ్గర చెమట పడుతోంది. అయినా విప్పలేదు. చేతులు స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చెట్ల మీద ఆయనకు ఏం కనిపిస్తోందో నాకు అర్థమైంది.

"నీకు పోవాలనే ఉందా?" అని అడిగాను.

జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు. "మంచు చూడబుద్ధి అయితుంది," అన్నాడు చివరికి. "పోబుద్ధి గాదు."

ఆ మాట పట్టుకుని నేను వంటింట్లోకి వెళ్లాను. ఉమ్మీ పొద్దుటి రొట్టెలకు నెయ్యి అడుగుతోంది. డబ్బా మూత తీస్తే నెయ్యి గడ్డకట్టి ఉంది. చలికాలంలో అది ఎప్పుడూ అంతే. స్టవ్వు పక్కన పెట్టి కరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అంచుల్లో ముందు కరిగింది, నడుమ తెల్లగా ఉండిపోయింది. మూడు బండ్లు అదే నూనెతో నడిచాయి కదా అనుకున్నాను. మరి ఈ ఒక్కదానికి ఏం తేడా? మిగతా మూడింటి ట్యాంకులు ఇక్కడే ఖాళీ చేశాం. అక్కడ పోసింది అక్కడి డీజిల్. ముసల్ది మాత్రం ఇక్కడి డీజిల్ కడుపులో పెట్టుకుని పోయింది.

స్టవ్వు పక్కన నెయ్యి అట్లాగే వదిలేసి వాకిట్లోకి వచ్చాను.

"నూనె పెట్టి చూసినం. బండి తాగేది పెట్టి చూసినమా?"

"ఏంది?"

"డీజిల్. ఫ్రీజర్ల పెట్టి చూసినమా?"

"డీజిల్ గడ్డకడ్తదానే?" అని నవ్వబోయి ఆగిపోయాడు. షెడ్డులో మూలన పాత క్యాన్‌లో మన బహ్రెయిన్ డీజిల్ అడుగున కొంచెం మిగిలి ఉంది. ఒక సీసాలో పోసి తెచ్చాడు. ఈసారి ఉమ్మీని అడగకుండానే రొట్టెల పక్కన పెట్టాను.

ఆ రోజంతా ఇద్దరం ఒకరి పక్క ఒకరం తిరిగాం గానీ దాని గురించి మాట్లాడలేదు. ఆయన స్వెట్టరు విప్పి మడతపెట్టి, పెట్టెలో పెట్టకుండా మంచం మీద ఉంచాడు. నేను దాన్ని తీసి లోపల పెట్టలేదు. ఆ మడత మీద ఒకసారి చెయ్యి వేశాను, అంతే. నేను ఆ సీసా పెట్టకపోతే ఆయన మంచు చూసేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

తెల్లవారి సీసా తీశాను. పచ్చగా, అద్దంలా ఉండాల్సిన డీజిల్ తెల్లబడి ఉంది. పేరుకోబోయే నెయ్యిలా, లోపల మబ్బు ముక్కలు తేలుతున్నట్టు ఉంది. సీసా వంచితే ముద్దగా కదిలింది. ఆయన గుమ్మం మెట్టు మీద కూలబడి, సీసాను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడలే," అన్నాడు. "ఇది ఫిల్టర్ల పోతే ఇంకేం నడుస్తది బండి?"

ఆయన అరచేతుల వేడికి అంచుల్లో డీజిల్ మళ్లీ తేటపడడం మొదలైంది. ఫోన్ ఆయన పక్కనే మెట్టు మీద ఉంది. కాగితాలు ఆ రోజే ఆఫీసుకు వెళ్లాల్సి ఉంది. నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. చెయ్యమనలేదు, వద్దనలేదు. ఖర్జూర చెట్ల మీది నుంచి పొద్దుటి వెలుగు మెట్ల దాకా వచ్చింది. అది ఆయన పాదాల మీదికి వచ్చేదాకా ఆయన ఆ సీసానే చూస్తూ కూర్చున్నాడు. సీసాలో సగం కరిగిపోయింది. అప్పుడు దాన్ని కింద పెట్టి, ఫోన్ అందుకున్నాడు.

"బాబా, నూనె మంచిదే. ట్యాంకులున్నది ఇక్కడి డీజిల్. ఆ చలికి అది గడ్డకట్టింది. అది తీసేసి అక్కడిది పోయించు. ఫిల్టరు మార్పించు. పైపుల మీద వేడినీళ్ల గుడ్డలు చుట్టించు."

అవతల కఫీల్ గట్టిగా నవ్వడం వినిపించింది.

"ఇక్కడి పనిమనిషి మొన్నటి నుంచీ నాకు ట్యాంకునే చూపిస్తున్నాడు! నేనేమో ట్యాంకు నిండుగానే ఉంది, నిండుగానే ఉంది అని చెప్తున్నాను. నన్ను చూసి తల కొట్టుకుని పోయాడు."

మా ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చలిదేశంలో పుట్టిన మనిషికి పొద్దున లేస్తే కనిపించే విషయం అది. ఎండలో బతికినవాళ్లం, మా ముగ్గురికీ అది ముందుగా తట్టలేదు. నవ్వుతూ నవ్వుతూ నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. స్టవ్వు మీద కాసేపటి క్రితం పెట్టిన పాలు పొంగబోతున్నాయి. ఈసారి అందుకున్నాను.

సాయంత్రం కఫీల్ వీడియో పంపించాడు. ఉమ్మీ మంచం మీద కూర్చుని, మేమిద్దరం కింద కూర్చుని చూశాం. అంతా తెలుపు. కొండ తెలుపు, కంచె తెలుపు, ఆకాశం కూడా తెలుపే. ఆ తెలుపులోంచి మా ముసల్ది నల్లటి పొగ ఊదుకుంటూ వచ్చింది. శబ్దం మాత్రం అదే. నడుస్తూ నడుస్తూ చిన్నగా గొంతు సవరించుకునే ఆ పాత శబ్దం. దాని బానెట్ మీద మెత్తగా, మందంగా మంచు పరుచుకుని ఉంది. ఎవరి వేలూ పడని మంచు.

"దాని మొగుడు చూసి ఉంటే," అంది ఉమ్మీ. దాని మొగుడంటే తన మొగుడే. తల మీది గుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "నువ్వు వెళ్తావనుకున్నాను."

"ఇక్కడ పని లేదు గానీ, ఇల్లు ఉంది ఉమ్మీ," అన్నాడు మా ఆయన.

"పని లేదని ఎవరన్నారు? నా తోట సగం ఇంకా ఉంది. అది నా పేరు మీదుంది, వాడి పేరు మీద కాదు. పొద్దున ఆ మొదటి వరసకు నీళ్లు సరిగ్గా పారలేదు, చూసుకో."

ఆయన తల ఊపాడు. వీడియో అయిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు.

ఆ తర్వాత రోజుల్లో ఫ్రీజరు మంచు గీకాల్సిన రోజు వచ్చింది. గీకుడు చెక్క తీసుకుని మూత ఎత్తాను. గోడల మీద మంచు బాగా మందమయింది. తెల్లగా, చదునుగా, ఏ గీతా లేకుండా ఉంది. చెక్క పక్కన పెట్టి వంటింటి కిటికీ లోంచి ఆయన్ను పిలిచాను. ఆయన తోటలోంచి కాళ్లకు మట్టితోనే వచ్చాడు.

"ఏందే?"

"ఇటు రా. చేతులు కడుక్కో ముందుగాల."

చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తెల్లటి పొగ ఇద్దరి మొహాలకూ కొట్టింది. ఆయన మంచును అరచేత్తో ముట్టుకుని, చల్లదనానికి చెయ్యి లాక్కుని, మళ్లీ పెట్టాడు. కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత ఒక వేలు చాపి, ఆ మంచులో మెల్లగా ఒక అక్షరం రాశాడు. దాని కింద చోటు వదిలి, పక్కకు జరిగాడు.

లోపలి గదిలోంచి ఉమ్మీ కేక వేసింది. "ఆ మూత ఎంతసేపు తెరిచి పెడతారు? చేపలు కరిగిపోతాయి!"

"వస్తున్నాం ఉమ్మీ," అని, నేను కూడా వేలు చాపాను.